‘ఎక్కు’కి రెండు ఇంగ్లీషులు: బెజవాడ ఫ్రేజల్ వెర్బ్స్ పుస్తకం మీద రివ్యూ

గవర్నర్‌పేటలో ఒక స్పోకెన్ ఇంగ్లీష్ సెంటర్ 45 రోజుల కోర్సుతో పాటు ఇచ్చే ఫ్రేజల్ వెర్బ్స్ (వెర్బుకి అప్, ఆఫ్, ఆన్ లాంటి చిన్న మాట తగిలితే వచ్చేవి) పుస్తకం ఇది. జిరాక్స్ తీసి స్పైరల్ వేసిన 32 పేజీలు. ఎడమ పక్క వెర్బు, కుడి పక్క తెలుగు అర్థం, కింద ఒక్క వాక్యం. క్లాసులో దీనికి కేటాయించింది 4 రోజులే.

మంచి ముందు చెప్పాలి. ‘ఈట్ అప్’కి తినెయ్, ‘డ్రింక్ అప్’కి తాగెయ్, ‘యూజ్ అప్’కి వాడెయ్ అని రాశారు. భలే పట్టుకున్నారు. ‘అప్’ అంటే పైకి అని బట్టీ పట్టినవాళ్లకి ఇవి ఎప్పటికీ కొరుకుడు పడవు. పని పూర్తిగా కానిచ్చెయ్యమని మన ‘ఎయ్’ చెప్పినట్టే అక్కడ ‘అప్’ చెబుతుంది. ‘గివ్ అప్’కి మానెయ్ కూడా ఇందులోకే వస్తుంది. ‘లుక్ అప్’ (డిక్షనరీలో వెతకడం) మాత్రం ఈ దారికి రాదు, దాన్ని విడిగానే గుర్తుపెట్టుకోవాలి.

అసలు లోపం వాక్యాల్లో ఉంది. స్టవ్ కట్టెయ్ అనడానికి ‘టర్న్ ఆఫ్ ద స్టవ్’ అన్నా ‘టర్న్ ద స్టవ్ ఆఫ్’ అన్నా సరే. స్టవ్ బదులు ‘ఇట్’ వస్తే మాత్రం అది మధ్యలోనే కూర్చోవాలి: ‘టర్న్ ఇట్ ఆఫ్’. ‘టర్న్ ఆఫ్ ఇట్’ తప్పు. తెలుగులో ‘స్టవ్ కట్టెయ్’, ‘దాన్ని కట్టెయ్’ రెండూ ఒకే వరసలో నడుస్తాయి కాబట్టి ఇక్కడ తేడా ఉందన్న అనుమానమే మనకి రాదు. పుస్తకం మొత్తంలో ‘ఇట్’, ‘దెమ్’ ఉన్న ఉదాహరణ ఒక్కటీ లేదు. మాటల్లో అయితే ఒక వస్తువు పేరు ఒకసారి చెప్పాక మిగతాదంతా ‘ఇట్’ మీదే నడుస్తుంది! పోనీ అన్నింటికీ మధ్యలో పెడదామా అంటే ‘లుక్ ఆఫ్టర్’ ఒప్పుకోదు. అమ్మమ్మని చూసుకో అంటే ‘లుక్ ఆఫ్టర్ హర్’ అనాలి, ‘లుక్ హర్ ఆఫ్టర్’ కాదు. ‘రన్ అవుట్ ఆఫ్’, ‘పుట్ అప్ విత్’ లాంటి మూడు ముక్కలవీ విడిపోవు. విడిపోయేవాటి పక్కన పెన్సిల్‌తో ‘ఇట్’ అని రాసుకుంటే పుస్తకం విలువ రెట్టింపవుతుంది.

‘గెట్’ పేజీ మరీ అన్యాయం. ‘గెట్ ఆన్ – ఎక్కు’, ‘గెట్ ఆఫ్ – దిగు’ అని వదిలేశారు. పండిట్ నెహ్రూ బస్టాండ్‌లో బస్సుకైతే అది సరిపోతుంది. బయటికొచ్చి ఆటో దగ్గర ‘గెట్ ఆన్’ అంటే టాపు మీదకి ఎక్కమన్నట్టుంటుంది. లోపల నిలబడి నడవగలిగే బస్సు, రైలు, విమానం అయితే ‘ఆన్’, ‘ఆఫ్’. వంగి దూరి కూర్చునే కారు, ఆటో అయితే ‘గెట్ ఇన్’, ‘గెట్ అవుట్ ఆఫ్’. బైకు మీదే కూర్చుంటాం కాబట్టి మళ్లీ ‘ఆన్’.

‘కోప్ అప్ విత్’ అని అచ్చేశారు. అందులో ‘అప్’ లేదు, ‘కోప్ విత్’ అంతే. డిగ్రీ పూర్తయిందనడానికి ‘పాస్డ్ అవుట్’ ఇచ్చారు. మన దగ్గర చెల్లుతుంది కానీ, అమెరికా మేనేజరుకి మీరు స్పృహ తప్పారని వినిపిస్తుంది. ‘గ్రాడ్యుయేటెడ్’ అనండి.

ఉచ్చారణ ఊసే లేదు. ‘పిక్ ఇట్ అప్’ని మూడు మాటలుగా విడగొట్టి పలికితే ఎదుటివాళ్ల ‘పికిటప్’ చెవికి అందదు. ఒత్తు ‘అప్’ మీద పడాలి. అదే విమానం టేకాఫ్ అని నౌన్‌గా వాడినప్పుడు ఒత్తు ‘టేక్’ మీదకి మారుతుంది.

చదివేటప్పుడు అర్థం కావడానికి ఈ పుస్తకం చాలు, వినడానికీ మాట్లాడటానికీ చాలదు. పుస్తకం విడిగా అమ్మరు, కోర్సు ఫీజు కట్టాల్సిందే. కట్టేముందు డెమో క్లాసులో ‘టర్న్ ఆఫ్ ఇట్’ ఎందుకు తప్పో అడగండి. ‘గ్రామర్ అవసరం లేదండీ, ఫ్లూయెన్సీ ముఖ్యం’ అన్నారంటే డబ్బు జేబులోనే ఉంచుకోండి.