నాలుగేళ్లుగా నా కుడికాలి కింద డోలక్

చెన్నైలో మా పెరంబూరు భజన బృందంలో డోలక్ వాయించే బాబాయిగారు 2021 చివర్లో కొడుకు దగ్గర ఉండటానికి హైదరాబాదు వెళ్లిపోయారు. తాళాలు వేసే పెద్దమ్మగారు, పాడేవాళ్లు పది పన్నెండు మంది, హార్మోనియం దగ్గర నేను మిగిలాం. రెండు శనివారాలు అలాగే లాక్కొచ్చాం. పాట నడుస్తోంది గానీ ఎవరికీ ఊపు రావడం లేదు. అప్పుడు కొన్నాను ఈ అరేంజర్ కీబోర్డు, అంటే మనం వాయిస్తుంటే వెనక రిథమ్ తనే వేసే కీబోర్డు.

దీంట్లో టోన్లెన్ని, రిథమ్‌లెన్ని అన్నది ఏ దుకాణంలో అడిగినా చెబుతారు. నేను రాయాలనుకున్నది దీని వెనక ఉండే ఒక చిన్న కన్నం గురించి. కాలి పెడల్ గుచ్చే కన్నం.

ఎడమ చేత్తో కార్డులు (కలిపి నొక్కే స్వరాల గుంపులు), కుడి చేత్తో పాట. చరణం అయిపోయి పల్లవికి తిరిగొచ్చే చోట డోలక్ మీద ఒక రోలింగ్, అంటే గబగబా వరస దెబ్బలు, పడాలి. బాబాయిగారైతే పాడేవాళ్ల గొంతు వినగానే వేసేవారు. కీబోర్డులో దానికి ఫిల్ అని బటన్ ఉంటుంది, నొక్కాలంటే ఏదో ఒక చెయ్యి తీయాలి. ఎడమ చెయ్యి తీస్తే కార్డు మారదు, కుడి చెయ్యి తీస్తే పాట తెగుతుంది. అదీ పాడేవాళ్లకి ఆధారం కావలసిన చోటే తెగుతుంది.

అందుకే మౌంట్ రోడ్డు మీద 1842 నుంచి ఉన్న మ్యూసీ మ్యూజికల్‌తో మొదలుపెట్టి మూడు నాలుగు దుకాణాలు తిరిగాను, ఒకే ప్రశ్న పట్టుకుని: ఫిల్‌ని కాలితో వేయొచ్చా? చవక కీబోర్డుల్లో చాలావాటికి ఒక్కటే పెడల్ కన్నం, అదీ సస్టెయిన్‌కి (మీట వదిలాక కూడా స్వరం మోగుతూ ఉండటానికి) మాత్రమే, దాని పని మార్చడానికి వీలుండదు. కాస్త పై ధరలో రెండు కన్నాలుంటాయి, ఒక్కోదానికి ఏ పని ఇవ్వాలో మెనూలో మనమే ఎంచుకోవచ్చు. స్టార్ట్ స్టాప్, ఫిల్, ఎండింగ్, ట్యాప్ టెంపో, ఏదైనా సరే. కొన్ని కోర్గ్ మోడళ్లకి ఈసీ5 అని అయిదు మీటల పెడల్ ఉంది, కెట్రాన్‌కి ఆరు మీటలది, పదమూడు మీటలది ఉన్నాయి. అవి స్టేజీ మీద ఒక్కడే కూర్చుని మొత్తం ఆర్కెస్ట్రా నడిపేవాళ్లకి. నేను రెండు కన్నాల దగ్గర ఆగాను.

మొదటి వారం రోజులూ ఇంట్లో ఆ ఒక్క ఫిల్ మీదే కూర్చున్నాను. నాలుగు దెబ్బల ఆవర్తంలో మూడో దెబ్బ మీద తొక్కితే చివరి రెండు దెబ్బలూ రోలింగ్ నడిచి, పల్లవి ఎత్తుగడకి సరిగ్గా ధిమ్మని దిగుతుంది. నాలుగో దెబ్బ కూడా దాటిపోయాక తొక్కితే మాత్రం ఆ రోలింగ్ తర్వాతి ఆవర్తంలోకి పోయి, పల్లవి మొదటి మాట మీద పడి గొంతుల్ని కప్పేస్తుంది. అది కాలికి అలవాటైన రోజు నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ తగ్గలేదు. శనివారం భజనలో తొలిసారి పల్లవికి ముందు రోలింగ్ పడగానే పెద్దమ్మగారు తాళాలు వేస్తూనే తల ఎత్తి చూశారు. ఆ చరణం తర్వాత అందరి గొంతులూ ఒక మెట్టు పైకి లేచాయి.

కూర్చోవడం దగ్గర ఒక చిక్కు వచ్చింది. అందరూ చాప మీద కూర్చుంటే నేను కుర్చీ ఎక్కడం బాగుండదు, బాసింపట్టు వేసుకుంటే పెడల్ అందదు. చివరికి కీబోర్డుకి పొట్టి స్టాండు, నాకు పీట. అప్పుడు పెద్దమ్మగారు, "దేవుడి వైపు కాలు చాపుతున్నావు చూడమ్మా" అన్నారు. నిజమే. పక్కకి తిరిగి, పాడేవాళ్లకి ఎదురుగా కూర్చున్నాను. అనుకోని లాభం అక్కడే దక్కింది. వాళ్లు ఊపిరి తీసుకోవడం ఇప్పుడు నాకు కనిపిస్తుంది, ఆ ఊపిరి చూసే తొక్కుతున్నాను.

ఇక 2023 శ్రీరామనవమి. కీర్తన మధ్యలో కరెంటు పోయింది. తాళాలతో పాట సాగించాం. కరెంటు రాగానే గబగబా కీబోర్డు ఆన్ చేసి అందుకున్నాను. అక్కడి నుంచి ప్రతి ఫిల్లూ ఆలస్యం. నేను తొక్కేది మూడో దెబ్బకే, రోలింగ్ వచ్చేది పల్లవి మీద. ఇంకాస్త ముందు తొక్కి చూశాను, ఒకసారి సరిపోయింది, మరుసటిసారి మళ్లీ తప్పింది. "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?" అని పెద్దమ్మగారు మెల్లిగా అడిగారు. నా లయే పోయిందనుకుని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇరవై నిమిషాలు అలాగే వాయించాను. హారతి వేళకి రిథమ్ ఆపకుండానే పెడల్ మీద నుంచి కాలు పూర్తిగా తీశాను. తీసిన క్షణాన ఫిల్ పడింది.

అప్పుడు అర్థమైంది. కొన్ని పెడళ్లలో తొక్కినప్పుడు సర్క్యూట్ కలుస్తుంది, కొన్నింట్లో విడిపోతుంది. రెండూ పనిచేసేలా చాలా కీబోర్డులు ఆన్ అయ్యేటప్పుడు పెడల్ ఏ స్థితిలో ఉందో చూసుకుని, అదే తొక్కని స్థితి అని గుర్తుపెట్టుకుంటాయి. ఆ చీకట్లో నా కాలు పెడల్ మీదే ఉండిపోయింది, అంతా తలకిందులైంది. తొక్కినప్పుడు కాకుండా వదిలినప్పుడు ఫిల్ వస్తోందన్నమాట. సస్టెయిన్ పెడల్ అయితే స్వరాలన్నీ మోగుతూ ఉండిపోయి వెంటనే తెలిసేది. ఫిల్ కాబట్టి కొంచెం ఆలస్యంగా మాత్రమే వినిపించింది. ఆఫ్ చేసి, కాలు పక్కకి పెట్టి మళ్లీ ఆన్ చేస్తే చాలు, బాగైపోతుంది. ఆ రోజు నుంచి కరెంటు వస్తే ముందు రెండు కాళ్లూ పీట కిందికి లాక్కుంటాను.

మొదటి ఏడాది అందరికీ చెప్పిన మాట ఒకటి ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. రెండో పెడల్‌కి స్టార్ట్ స్టాప్ పెట్టుకోమనేదాన్ని. చీర కుచ్చిళ్లు దాన్ని కప్పేస్తే పాదం ఎక్కడుందో తెలియదు. ధ్యానశ్లోకం మధ్యలో రిథమ్ మొదలైంది ఒకసారి, తీసేశాను. తర్వాత ట్యాప్ టెంపో పెట్టాను. రెండుసార్లు తొక్కితే ఆ రెంటి మధ్య వ్యవధిని బట్టే కొత్త వేగం. కాలు కాస్త తొందరపడినా పాట ఎగిరిపోయేది. ఇప్పుడు ఒకే రిథమ్‌ని నిమిషానికి 84, 96, 108 దెబ్బల వేగాల్లో మూడు రిజిస్ట్రేషన్లుగా (కీబోర్డు గుర్తుపెట్టుకునే అమరికలుగా) దాచుకుని, రెండో పెడల్‌తో ఒకదాని నుంచి ఇంకోదానికి వెళ్తున్నాను. నామం జోరందుకునే చోట పనికొస్తోంది. కానీ ఇది మెట్లు ఎక్కడం. బాబాయిగారి చేతిలో వేగం ఎక్కడ పెరిగిందో ఎవరికీ తెలిసేది కాదు. మిశ్రచాపు కీర్తనలకైతే రిథమ్ అసలు వేయను, కీబోర్డుతో వచ్చిన రిథమ్‌ల్లో నాకు ఏడు దెబ్బలది దొరకలేదు. తకిట తకధిమి తాళాలకే వదిలేస్తాను.

రెండు కన్నాలూ రిథమ్‌కే పోయాయి కాబట్టి నాకు సస్టెయిన్ లేదు. నేను వాడేవి హార్మోనియం, వేణువు, నాదస్వరం టోన్లు, లోటు తెలియదు. పియానో వాయించేవాళ్లకి ఇది పెద్ద లోటే. మంచి డోలక్ మనిషి దగ్గర్లో ఉంటే ఈ ఖర్చు పెట్టకండి, ఆయనకి ఆటో డబ్బులివ్వండి. మాలా ఎవరూ లేనివాళ్లయితే దుకాణానికి మీరు భజనకి కట్టుకునే బట్టల్లోనే వెళ్లండి. కీబోర్డుని కిందికి దించమని అడిగి, పీట మీద కూర్చుని, కాలితో పది ఫిల్‌లు వేసి చూడండి. పెడల్ గచ్చు మీద జారుతుంది, నాది గోనె చుట్టిన చెక్కకి మేకులతో బిగించాను. రిచీ స్ట్రీట్‌లో కొన్న రెండో పెడల్ ఒకటి సంచీలో ఎప్పుడూ ఉంటుంది.