టేలర్ స్విఫ్ట్ పాత ఆల్బమ్‌లు: ముందు ఏది వినాలి?

టేలర్ పాటల్లో ‘షేక్ ఇట్ ఆఫ్’, ‘బ్లాంక్ స్పేస్’ తెలుసు, అంతకుముందువి ఎక్కడ మొదలుపెట్టాలి అని చాలామంది అడుగుతున్నారు. అంటే 2014లో ‘1989’తో పూర్తిగా పాప్‌లోకి మారకముందు, నాష్‌విల్‌లో కంట్రీ పాటలు (అమెరికా పల్లె బాణీ పాటలు) పాడుకునే రోజుల సంగతి. నా లెక్కలో పోటీ ‘ఫియర్‌లెస్’ (2008), ‘స్పీక్ నౌ’ (2010)ల మధ్యే.

2006లో వచ్చిన మొదటి ఆల్బమ్‌లో ‘టిమ్ మెక్‌గ్రా’, ‘అవర్ సాంగ్’ వింటే చాలు. 2012 నాటి ‘రెడ్’ సగం పాపే, దాన్ని పాతవాటిలో కలపను.

ఆమెను ఇంటింటికీ చేర్చింది మాత్రం ‘ఫియర్‌లెస్’. ‘లవ్ స్టోరీ’లో కంట్రీ వాయిద్యాల జోరు తగ్గించి పాప్ రేడియోలకు విడిగా ఇంకో మిక్స్ ఇచ్చారు. కంట్రీ అంటే మొహం తిప్పుకునేవాళ్లు కూడా విన్నారు. అమెరికా ఆల్బమ్‌ల చార్ట్ బిల్‌బోర్డ్ 200లో 11 వారాలు మొదటి స్థానం, 2010లో ‘ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్’ గ్రామీ. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్లు. ఇందులో కోరస్‌లు రెండోసారికే నోటికొచ్చేస్తాయి.

అయినా నా ఓటు ‘స్పీక్ నౌ’కే. ఎందుకంటే నేను చూసేది పాట ఎవరు రాశారన్నదే. మన సినిమా పాటకు రాసేవారు ఒకరు, బాణీ కట్టేవారు ఇంకొకరు, పాడేవారు వేరొకరు. టేలర్ విషయంలో అసలు ఆసక్తంతా ఈ మూడూ ఒకే మనిషి కావడంలో ఉంది. మొదటి రెండు ఆల్బమ్‌లలో చాలా పాటలకు పాటల రచయిత్రి లిజ్ రోజ్ లాంటివాళ్లు తోడున్నారు. దాంతో ఈ పిల్ల నిజంగా తనే రాస్తోందా అన్న గొణుగుడు మొదలైంది. జవాబుగా ‘స్పీక్ నౌ’లోని 14 పాటలూ ఒక్కతే రాసింది.

ఆ తేడా వినగానే తెలుస్తుంది. పక్కన ఎవరైనా ఉంటే ‘డియర్ జాన్’ను దాదాపు ఏడు నిమిషాలు సాగనిచ్చేవారు కాదేమో. కానీ ఆ సాగదీతలోనే బాధ మెల్లగా కోపమవుతుంది. అంతకుముందు తప్పంతా అబ్బాయిలదే అయితే, ‘బ్యాక్ టు డిసెంబర్’లో తప్పు తనది, క్షమాపణ అడిగేది తనే. తన గాత్రాన్ని ఏకిపారేసిన విమర్శకుడికి బాంజో మీద ఇచ్చిన సమాధానం ‘మీన్’, దానికి రెండు గ్రామీలు వచ్చాయి. ఒంటరిగా రాసిన ఈ ఆల్బమ్ అమెరికాలో తొలి వారంలోనే పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది.

లోపాలు లేవని కాదు. ‘హాంటెడ్’లో వయొలిన్ల హడావిడి నాకు ఎక్కువనిపిస్తుంది. సాహిత్యం మీద పెద్దగా ధ్యాస పెట్టకుండా, కారులో పెట్టుకుని వెళ్లిపోవాలనుకుంటే ‘ఫియర్‌లెస్’ హాయి.

పాత రికార్డింగా, ‘టేలర్స్ వెర్షన్’ అని మళ్లీ పాడినదా? 2019లో మాస్టర్లు, అంటే పాత ఆల్బమ్‌ల అసలు రికార్డింగుల హక్కులు, వేరేవాళ్ల చేతికి వెళ్లాకే ఆమె ఈ పని మొదలుపెట్టింది. 2025లో మాస్టర్లన్నీ తనే కొనేసుకుంది కాబట్టి పాతవి వినడానికి మొహమాటం అక్కర్లేదు. ‘ఫియర్‌లెస్’కి 2021 వెర్షనే బాగుంది, గొంతు చాలా కుదురుకుంది. ‘స్పీక్ నౌ’కి మాత్రం పాతదే పెట్టండి. ఇరవై ఏళ్ల వయసులోని కోపం ముప్పై దాటిన గొంతులో అంత పదునుగా పలకలేదు. పైగా 2023 వెర్షన్‌లో ‘బెటర్ దాన్ రివెంజ్’లోని ఒక లైను మార్చేశారు. కొత్తగా చేర్చిన పాటలు తర్వాత తీరిగ్గా వినొచ్చు.