పాత మొబైల్ హోమ్‌కు టీవీ మెరుగులా, అడుగు నుంచి మరమ్మతా, కొత్త ఇల్లా: ఏది మేలు?

అమెరికాలో సీఎంటీ అనే కేబుల్ ఛానెల్ కొన్నేళ్ళ కిందట ‘మొబైల్ హోమ్ డిజాస్టర్’ అనే రియాలిటీ కార్యక్రమాన్ని ప్రసారం చేసింది. ఫ్యాక్టరీలో కట్టి, రోడ్డు మీద లాక్కొచ్చి నిలబెట్టే ఇంటిని అక్కడ మొబైల్ హోమ్ అంటారు. శిథిలావస్థకు చేరిన అలాంటి ఇంటిని ఎంచుకుని, పనివాళ్ళ బృందంతో దాని రూపురేఖలు మార్చి, తిరిగి ఇంటివాళ్ళకు అప్పగించడం ఆ కార్యక్రమం పని. ఇళ్ళను బాగుచేసే కార్యక్రమాలు అమెరికా టీవీలో లెక్కలేనన్ని ఉన్నా, అవి చాలావరకు విశాలమైన పెరళ్ళున్న శివారు ఇళ్ళ చుట్టూనే తిరుగుతాయి. సుమారు రెండు కోట్ల మంది నివసించే ఈ ఫ్యాక్టరీ ఇళ్ళవైపు కెమెరా తిప్పడమే అరుదు. అలాంటి ఇంట్లో ఉండేవాళ్ళను ఎగతాళి చేయకుండా, వాళ్ళ ఇంటికీ శ్రద్ధ దక్కాలన్న భావనతో తీసిన కార్యక్రమం ఏదైనా నాకు గౌరవించదగ్గదే. అయితే తెర మీద చూసిన పద్ధతినే తమ ఇంటికి నమూనాగా తీసుకునేవారు, పాత మొబైల్ హోమ్ కొని బాగుచేసి అద్దెకిద్దామనుకునేవారు డబ్బు బయటకు తీసే ముందు ఒక ప్రశ్న తేల్చుకోవాలి. టీవీలో చూపినట్టు ఇంటికి కొత్త రూపం ఇవ్వడం మేలా, అడుగునుంచి పైకప్పుదాకా అవసరమైన మరమ్మతులు మాత్రమే చేయించడం మేలా, పాతదాన్ని తొలగించి అక్కడే కొత్తది నిలబెట్టడం మేలా?

దీనికి జవాబు ఆ ఇంటి నిర్మాణంలోనే ఉంది. మొబైల్ హోమ్‌ను ఫ్యాక్టరీలో ఉక్కు చట్రం మీద కట్టి, రోడ్డు మీద లాక్కొచ్చి, కాంక్రీటు దిమ్మెల మీద నిలబెడతారు. ఒకే భాగంగా వచ్చే ఇల్లు సన్నగా, రైలు పెట్టెలా పొడుగ్గా ఉంటుంది. రెండు భాగాలుగా తెచ్చి మధ్యలో అతికించేది కొంత వెడల్పుగా ఉంటుంది. పాత ఇళ్ళలో గోడల లోపలి కలప నిలువులు మామూలు ఇంట్లో వాడేవాటికంటే సన్నవి, కప్పుకూ సీలింగుకూ నడుమ ఖాళీ తక్కువ, నేలకు వాడింది చాలాచోట్ల రంపపుపొట్టును జిగురుతో అదిమి చేసిన పార్టికల్ బోర్డు. నేల అడుగున ఇన్సులేషన్, దాన్ని పట్టి ఉంచే నల్లటి పొర, ఆ రెండింటి మధ్య నుంచి వెళ్ళే నీటి పైపులు, వేడిగాలి గొట్టాలు ఉంటాయి. ఇంటి ప్రాణమంతా ఈ అడుగు పొరలోనూ, తలమీది కప్పులోనూ ఉందని చెప్పవచ్చు. ఆ రెండు చోట్లకూ కెమెరా సులువుగా చేరదు.

టీవీ కార్యక్రమం తన స్వభావం కొద్దీ కంటికి కనిపించేవాటికే ముందుగా ఖర్చు పెడుతుంది. వంటగది అల్మరాలు, గోడల రంగు, కొత్త సోఫాలు, గుమ్మం ముందు చెక్క వరండా, వాటి మధ్య అరగంటలోనో గంటలోనో తేలిపోవలసిన కథ. నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో వెతుకుతూ ఒక మనిషి ఇంటికింద వెల్లకిలా పాకడం చూడటానికి ఆసక్తికరంగా ఉండదు కాబట్టి, ఆ పని జరిగినా తెర మీద దానికి క్షణాలే దక్కుతాయి. దానివల్ల చూసేవారి మనసులో పనుల వరస తారుమారవుతుంది. పైన పటారం లోన లొటారం అన్న మన సామెత ఈ ఇళ్ళ విషయంలో అక్షరాలా నిజమయ్యే ప్రమాదం ఉంది. చెమ్మ పట్టిన గోడ మీద కొత్త ప్యానెల్ కొడితే, ఆ చెమ్మ ఆరే దారి కూడా మూసుకుపోయి లోపలి కలప ఇంకా త్వరగా పాడవుతుంది.

మరుగుదొడ్డి గదిలో కమోడ్ చుట్టూ నేలను గమనిస్తే ఈ సంగతి స్పష్టంగా అర్థమవుతుంది. కమోడ్ అడుగున ఉండే మైనపు రింగు అరిగి, ఫ్లష్ చేసినప్పుడల్లా నాలుగు చుక్కలు కిందికి జారుతుంటాయి. పైన పరిచిన వినైల్ షీటు మీద మరక తప్ప ఏమీ కనిపించదు. కింద ఉన్న పార్టికల్ బోర్డు మాత్రం ఆ తడిని పీల్చుకుని మొదట ఉబ్బుతుంది, తరువాత ముద్దయి పొట్టుగా రాలిపోతుంది. స్క్రూడ్రైవర్ మొన ఆనిస్తే చాలు, పిడిదాకా దిగిపోతుంది. స్నానపు తొట్టి అంచున, గీజరు కింద, కిటికీల దిగువన, బయటి తలుపు గడప దగ్గర కూడా ఇదే జరుగుతుంది. ఇలాంటి నేల మీద అందమైన కొత్త టైల్స్ పరిస్తే, పరిచిన రోజు ఫొటో బాగుంటుంది గానీ ఆ పనంతా మళ్ళీ తవ్వి చేయవలసిందే. కాబట్టి ముందు కారుతున్న చోటు మూయాలి, ఆపై పాడైన బోర్డును, నేలను మోసే అడ్డదూలాలు (జాయిస్టులు) కనిపించేదాకా కోసి తీసి, ప్లైవుడ్ వేయాలి, రంగూ టైల్సూ ఆ తరువాతి మాట.

ఇంటి మట్టం కూడా ఇలాంటిదే. నేల తడిసి ఆరుతూ ఉంటే దిమ్మెలు ఒకవైపు కుంగుతాయి. తలుపులు బిగుసుకుపోవడం, కిటికీ మూలల్లో గోడ పగలడం, రెండు భాగాల ఇంట్లో అతుకు దగ్గర సందు విచ్చుకోవడం దాని గుర్తులు. జాకీలు పెట్టి ఇంటిని తిరిగి మట్టానికి తేవడం ఆర్భాటం లేని పని, పైగా చాలావరకు ఒక కొత్త వంటగదికి అయ్యేదానిలో చిన్న భాగంతోనే పూర్తవుతుంది. ఆ పని జరగకుండా బిగించిన కొత్త తలుపు కొన్నాళ్ళకే మళ్ళీ పట్టేస్తుంది. గాలివానలకు ఇల్లు దొర్లిపోకుండా నేలలోని యాంకర్లకు కట్టే ఉక్కు పట్టీలను కూడా ఆ సమయంలోనే పరీక్షించాలి. టీవీ చూసి ఎవరికీ గుర్తుకు రాని పట్టీలివి, తుఫాను రాత్రి మాత్రం వీటికంటే ముఖ్యమైనది ఆ ఇంట్లో మరొకటి ఉండదు.

రెండో దారిలో, అంటే అవసరమైన మరమ్మతుల దారిలో, పనుల వరసను నిర్ణయించేది నీరే. తొలుత కప్పు: అతుకులు మూసి, రేకు మీద రబ్బరులా సాగే తెల్లటి పూత వేయడమో, పాత కప్పు మీదే కొత్త కప్పు అమర్చడమో చేయాలి. ఆ తరువాత పైపుల లీకులు, నేల, చిరిగిన అడుగు పొర, వేడిగాలి గొట్టాల సందులు చూసుకోవాలి. ఎలుకలో ప్లంబరో చింపిన అడుగు పొరను అలాగే వదిలేస్తే ఇన్సులేషన్ ఊడి నేలమీద పడిపోతుంది, గొట్టాల నుంచి కారే వేడిగాలి చలికాలమంతా ఇంటికింది మట్టిని వెచ్చబెడుతుంది. పాత మొబైల్ హోమ్‌లలో కరెంటు, గ్యాస్ బిల్లులు ఇంటి సైజుకు పొంతన లేకుండా రావడానికి ఇదొక పెద్ద కారణం. తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలకు ఈ పనుల్లో ఇంధనం ఆదా చేసేవాటిని ఉచితంగా చేసిపెట్టే వెదరైజేషన్ అసిస్టెన్స్ ప్రోగ్రామ్ 1976 నుంచి ఉంది. సమాఖ్య ఇంధన శాఖ నిధులిస్తే రాష్ట్రాలు, స్థానిక సంస్థలు అమలు చేస్తాయి. గ్రామీణ ప్రాంతాల్లో అతి తక్కువ ఆదాయం గల సొంతింటివారికి వ్యవసాయ శాఖ ఇచ్చే సెక్షన్ 504 రుణానికి వడ్డీ 1 శాతమే, 62 ఏళ్ళు దాటి ఆ రుణం కూడా తీర్చలేనివారికి తిరిగి చెల్లించనక్కర్లేని గ్రాంటు ఉంటుంది. నాకు తెలిసి ఈ పథకాల మీద ఎవరూ రియాలిటీ షో తీయలేదు. తెర మీది కన్నీళ్ళకు పడే చప్పట్లలో సగమైనా వీటికి దక్కితే బాగుండునని నిజంగా అనిపిస్తుంది.

ఇక మూడో దారి, కూల్చి కొత్తది నిలపడం. ఈ ఆలోచనకు టీవీలో అతి పెద్ద రూపం ఏబీసీ ఛానెల్‌లో 2003 నుంచి 2012 వరకు నడిచిన ‘ఎక్స్‌ట్రీమ్ మేకోవర్: హోమ్ ఎడిషన్’. కష్టాల్లో ఉన్న కుటుంబాన్ని వారం రోజులు విహారయాత్రకు పంపి, పాత ఇంటి స్థానంలో వందలమంది వాలంటీర్లతో భారీ ఇల్లు కట్టి, అడ్డంగా నిలిపిన బస్సును పక్కకు జరిపి చూపించేవారు. ఆ ఔదార్యాన్ని తక్కువ చేయలేం. అయితే ఆ ఇళ్ళలో కొన్నిటికి పన్నులు, కరెంటు బిల్లులు, నిర్వహణ ఖర్చులు కుటుంబాల తలకు మించిన భారమై, అమ్ముకున్నవారూ, ఇంటి మీద తెచ్చిన అప్పు తీర్చలేక బ్యాంకు జప్తుకు గురైనవారూ ఉన్నారని పత్రికల్లో విస్తృతంగా వచ్చింది. ఇల్లు ఉచితంగా వచ్చినా దాన్ని నిలబెట్టుకోవడం ప్రతినెలా డబ్బుతో పని. ఈ కోణంలో చూస్తే, అదే కొలతల్లో ఉన్న ఇంటిని మెరుగుపరిచే సీఎంటీ కార్యక్రమం పద్ధతే కుటుంబానికి తక్కువ ప్రమాదకరం అని నా అభిప్రాయం.

అలాగని మార్చివేయడం ఎల్లప్పుడూ తప్పని అర్థం కాదు. మార్చివేయడం ఎప్పుడు మేలో చెప్పే హద్దులాంటి తేదీ ఒకటుంది: 1976 జూన్ 15. 1974లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టం ప్రకారం కేంద్ర గృహనిర్మాణ, పట్టణాభివృద్ధి శాఖ రూపొందించిన నిర్మాణ ప్రమాణాలు, అక్కడ అందరి నోటా నలిగే పేరు చెప్పాలంటే హడ్ కోడ్, ఆ రోజు అమలులోకి వచ్చాయి. అప్పటినుంచి ఫ్యాక్టరీలో తయారైన ప్రతి ఇంటి భాగానికి బయట ఒక ఎర్రటి లోహపు పలక ఉంటుంది. దానికి ముందు కట్టిన ఇళ్ళలో అగ్నిప్రమాద రక్షణకూ, బయటికి పారిపోయే దారులకూ, వైరింగుకూ దేశమంతటికీ ఒకే నిబంధన లేదు. మంటలు రేగే ముప్పు ఎక్కువగా ఉండే అల్యూమినియం వైరింగు ఉన్నవీ ఉన్నాయి. అలాంటి ఇంటికి రుణం దొరకడం కష్టం, బీమా దొరకడమూ కష్టమే. 1992లో ఆండ్రూ హరికేన్ దక్షిణ ఫ్లోరిడాలో మొబైల్ హోమ్‌లను ఎలా తుడిచిపెట్టిందో చూశాక, గాలివాన ప్రాంతాలకు 1994లో నిబంధనలు మరింత కఠినమయ్యాయి. కాబట్టి తీర ప్రాంతంలో 1994 రెండో హద్దు అవుతుంది. వెర్మాంట్‌లో 2011 ఆగస్టులో ఐరీన్ తుఫాను వరదలు మొబైల్ హోమ్ పార్కులను, అంటే ఇలాంటి ఇళ్ళు వరసగా నిలిపి ఉంచే స్థలాలను, ముంచెత్తిన తరువాత, పాతవాటికి పూతలు పూయడం కంటే, అదే స్థలంలో ఇమిడేలా మందపాటి గోడలతో, తక్కువ కరెంటుతో నడిచే ఫ్యాక్టరీ ఇళ్ళను తయారుచేయించే ప్రయత్నం మొదలైంది. కొత్తది నిలపడమంటే ఇలా ఉండాలి: కుటుంబం భరించగల సైజులో, నెలవారీ ఖర్చు తగ్గేటట్టుగా.

ఈ మూడింటికీ కింద మరొకటుంది, అది భూమి. ఇల్లు సొంతదైనా అది నిలిచిన స్థలం చాలామందికి అద్దెదే. ఇంటిని అనేక రాష్ట్రాల్లో వాహనంలా రిజిస్టరు చేస్తారు, రుణం కూడా స్థిరాస్తికి ఇచ్చేదిగా కాక, ఎక్కువ వడ్డీతో తక్కువ గడువుకు ఇచ్చేదిగా ఉంటుంది. పార్కు యజమాని అద్దె పెంచితే, లేదా స్థలం వేరొకరికి అమ్మేస్తే, ఇంటిని కదిలించే ఖర్చు వేల డాలర్లు. పాతదైతే అసలు కదిలే స్థితిలోనే ఉండదు. కొత్త గ్రానైట్ బల్ల వంటగదిలో ఉండి, కాళ్ళకింద నేల మరొకరి చేతిలో ఉంటే, పెట్టిన డబ్బుకు రక్షణ తక్కువ. టీవీ బృందం వెళ్ళిపోయాక స్థలం అద్దె రసీదు ఎవరి పేరిట వస్తుందో ఇలాంటి ఎపిసోడ్‌లకు సాధారణంగా కథావస్తువు కాదు. న్యూహాంప్‌షైర్‌లోని మెరిడిత్ పట్టణంలో 1984లో ఒక పార్కు నివాసులు సహకార సంఘంగా ఏర్పడి, కమ్యూనిటీ లోన్ ఫండ్ అనే లాభాపేక్ష లేని రుణసంస్థ ఇచ్చిన అప్పుతో తమ స్థలాన్ని తామే కొనుక్కున్నారు. ఆ మార్గం దేశంలోని అనేక పార్కులకు పాకింది. ఒక ఇంటిని బాగుచేయడానికి ముందు అలాంటి సంఘం ఉందా, ఏర్పడే వీలుందా అని వాకబు చేయడం ఏ రంగుడబ్బా కంటే ముందు పెట్టవలసిన పని.

ఈ లెక్కన, 1976 తరువాత కట్టిన ఇల్లు, సొంత స్థలమో సహకార సంఘం స్థలమో అయితే, రెండో దారి ఎంచుకుని, నీరు, మట్టం, ఇన్సులేషన్ పనులు పూర్తిచేశాకే మిగిలిన డబ్బుతో టీవీలో చూసిన అందాల్లో నచ్చినవి చేర్చుకోవచ్చు. 1976కు ముందుదైతే, అందులో ఇప్పటికే నివాసం ఉంటున్నవారు కప్పు, కరెంటు, పొగ అలారం, రెండో తలుపు సరిచూసుకుని, మార్చివేతకు వచ్చే సహాయం కోసం దరఖాస్తు పెట్టడం మేలు. బయటి నుంచి కొనేవారు దాని జోలికి పోకపోవడం మేలు. స్థలం అద్దెదై, యజమాని అద్దె విషయంలో నమ్మకం లేకపోతే, కారడం ఆపే పని తప్ప పెద్ద ఖర్చేదీ ఆ ఇంటిమీద పెట్టకుండా, ముందు లీజు కాగితం చేతికి తీసుకుని చదవాలి.