విషవాయువును ఆపింది చట్టమా, యుద్ధభూమా?

"రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక బ్రిటన్, ఫ్రాన్స్ దగ్గర విషవాయువు నిల్వలు బోలెడు ఉన్నాయి కదా, మలయాలో, వియత్నాంలో, అల్జీరియాలో తిరుగుబాట్లు అణచడానికి ఎందుకు వాడలేదు?" వలస పాలన గురించి రాసినప్పుడల్లా ఈ ప్రశ్న వస్తోంది. దానికి రెండు జవాబులు వినిపిస్తాయి. యుద్ధంలో విషవాయువు వాడకూడదన్న 1925 జెనీవా ఒప్పందం చేతులు కట్టేసిందనేది ఒకటి. గెరిల్లాల మీద గ్యాస్ పనికిరాదని వదిలేశారనేది రెండోది. ఎదురుదెబ్బ భయమని కూడా కొందరు అంటారు గానీ, అడవిలో తుపాకీ పట్టుకుని తిరిగేవాడి దగ్గర గ్యాస్ ఎక్కడిది? దాన్ని పక్కన పెడదాం.

ముందు చట్టం సంగతి. ఫ్రాన్స్ 1926లో, బ్రిటన్ 1930లో ఒప్పందానికి కట్టుబడ్డాయి. కానీ రెండూ ఒక మెలిక పెట్టాయి: ఒప్పందంలో చేరిన దేశాల విషయంలోనే ఇది మాకు వర్తిస్తుందని. సొంత దేశమే లేని తిరుగుబాటుదారుడు అందులో ఎలా చేరతాడు? చేరిన దేశానికైనా రక్షణ దొరికిందా అంటే, ఇథియోపియా ఉంది. 1935-36లో ఇటలీ దాని మీద మస్టర్డ్ గ్యాస్ కురిపించింది. ఇథియోపియా చక్రవర్తి హైలే సెలాసీ 1936 జూన్ 30న నానాజాతి సమితిలో నిలబడి మొరపెట్టుకుంటే, మరుసటి నెలలోనే ఇటలీ మీద ఆంక్షలు ఎత్తేశారు.

ఇక రెండో జవాబు. చాలామంది అడిగే ఊహనే తీసుకుందాం: ఫ్రాన్స్ ఓడిపోయిన వియత్నాం యుద్ధభూమి దియన్ బియన్ ఫూలో అది గ్యాస్ వాడి ఉంటే? 1954లో ఫ్రెంచి దండు ఉన్నది లోయలో. వియత్నాం స్వాతంత్ర్యం కోసం పోరాడిన వియత్ మిన్ ఫిరంగులు ఉన్నవి చుట్టూ కొండల మీద. యుద్ధవాయువుల్లో చాలావరకు గాలి కంటే బరువు, పల్లానికే దిగుతాయి. కొండ మీద వదిలింది తిరిగి సొంత కందకాల్లోకే వచ్చే ప్రమాదం ఉండేది. మలయాలోనైతే చెల్లాచెదురుగా తిరిగే కొన్ని వేల మంది కోసం అడవంతా గ్యాస్ నింపడం అయ్యే పని కాదు. అక్కడ బ్రిటన్ ఆకలిని నమ్ముకుంది. అడవి అంచున ఉన్న జనాన్ని లక్షల్లో కొత్త ఊళ్లకు తరలించి, బియ్యం మీద కాపలా పెట్టి, అడవిలోని పంటల మీద కలుపు మందు చల్లింది. మన ఉత్తరాంధ్ర నుంచి వెళ్లిన కూలీల కుటుంబాలు బతికిన రబ్బరు తోటలు కూడా, బ్రిటన్ 'ఎమర్జెన్సీ' అని పిలిచిన ఆ పోరు మధ్యలోనే ఉన్నాయి. 1961లో వియత్నాంలో మందు చల్లాలనుకున్నప్పుడు అమెరికా అధికారులు ఉదాహరణగా చూపింది మలయానే.

నన్ను రెండో జవాబు వైపు తిప్పింది మాత్రం అల్జీరియా. అక్కడి కొండల్లో తిరుగుబాటుదారులు గుహల్లో దాక్కునేవారు. గుహలో గాలి కదలదు, గ్యాస్ ఎక్కడికీ పోదు. అంటే పనికిరాదన్న అడ్డంకి అక్కడ లేదు, చట్టం మాత్రం అలాగే ఉంది. చట్టమే ఆపి ఉంటే అక్కడా ఆపాలి. ఆపలేదు. 1956 నుంచి ఫ్రెంచి సైన్యం 'ప్రత్యేక ఆయుధాల' దళాలు పెట్టి, బాష్పవాయువులో వాంతులు తెప్పించే ఆడమ్‌సైట్ కలిపి గుహల్లోకి వదిలింది. బయట కళ్లు మండించే వాయువు, మూసిన చోట ప్రాణం తీస్తుంది. చరిత్రకారుడు క్రిస్టోఫ్ లఫాయ్ ఏళ్లుగా ఈ సంగతులను వెలికితీస్తున్నారు. 1959 మార్చిలో ఘార్ ఊషెతూహ్ గుహలో 100 మందికి పైగా చనిపోయారు. వాళ్లు ఊరి జనం. అదే దేశంలో 1845లో ఫ్రెంచి సైన్యం దహ్రా గుహల ముందు మంట పెట్టి, పొగతో వందల మందిని చంపింది. 114 ఏళ్లలో మారింది పొగ ఒక్కటే.

పోర్చుగల్ కూడా తన వలస అంగోలాలో పంటల మీద కలుపు మందు చల్లింది. అది మలయా బాటే.

అయితే చట్టానికి బలమే లేదని నేననను. ఈ వలస యుద్ధాల్లో పేరున్న విషవాయువులను బాహాటంగా వాడే ధైర్యం ఎవరూ చేయలేదు, దాని వెనుక ఒప్పందం పడేసిన మచ్చ ఉంది. 1969లో ఐక్యరాజ్యసమితి బాష్పవాయువు, కలుపు మందు కూడా నిషేధంలోకే వస్తాయని తీర్మానించింది. వ్యతిరేకంగా ఓటేసినవి మూడే దేశాలు: అమెరికా, ఆస్ట్రేలియా, పోర్చుగల్. యుద్ధంలో బాష్పవాయువు వాడకూడదని 1993 రసాయన ఆయుధాల ఒప్పందం నేరుగా రాసింది. శాంతిభద్రతల పనికి మాత్రం మినహాయింపు ఇచ్చింది. అల్జీరియాలో జరిగింది యుద్ధమని ఫ్రాన్స్ చట్టంలో ఒప్పుకున్నది 1999లో. అంతవరకూ దాన్ని శాంతిభద్రతల పనే అంది. అందుకే ఆ మినహాయింపు చదివినప్పుడల్లా నాకు భయం వేస్తుంది.