హిడెన్ ఫీల్డ్ వాల్యూ ఎక్కడ పోయింది? క్రోమ్ నెట్‌వర్క్ ట్యాబ్‌తో పదకొండేళ్లు

మాదాపూర్‌లో జావా వెబ్ అప్లికేషన్ల మీద పని మొదలుపెట్టి పదకొండేళ్లు దాటింది. అమీర్‌పేటలో కోర్సు చేసిన రోజుల్లో సర్వ్‌లెట్ (బ్రౌజర్ పంపినదాన్ని సర్వర్‌లో అందుకునే జావా ప్రోగ్రాం), జేఎస్పీ (వెబ్ పేజీని తయారుచేసే జావా ఫైలు), స్ట్రట్స్ (జావా వెబ్ ఫ్రేమ్‌వర్క్) అన్నీ నేర్చుకున్నాను గానీ, బ్రౌజర్‌లో ఎఫ్12 నొక్కితే ఏం తెరుచుకుంటుందో మాత్రం ఉద్యోగంలో చేరాకే తెలిసింది. ఇన్నేళ్లలో నన్ను ఎక్కువసార్లు గట్టెక్కించింది అలా తెరుచుకునే డెవ్‌టూల్స్‌లో, బ్రౌజర్ సర్వర్‌కి ఏం పంపిందో చూపించే నెట్‌వర్క్ ట్యాబే. ముఖ్యంగా ఒక రకం బగ్ ఉంది: ఫామ్‌లో హిడెన్ ఫీల్డ్ (తెర మీద కనిపించకుండా ఫామ్‌తో పాటు వెళ్లే ఫీల్డ్) పెట్టాం, సబ్మిట్ చేశాం, సర్వర్ దగ్గర చూస్తే వాల్యూ లేదు. ఆ పనికి ఈ ట్యాబ్ ఎంతవరకు పనికొస్తుందన్నదే ఇక్కడ రాస్తున్నాను. నా మార్కులు అయిదుకు నాలుగున్నర.

ఈ బగ్ వస్తే చాలామంది ముందుగా జావా కోడ్ రాసే ఎక్లిప్స్‌లో బ్రేక్‌పాయింట్ పెట్టి, ప్రోగ్రాంని ఆ లైను దగ్గర ఆపి చూస్తారు. నేనూ మొదటి రెండేళ్లు అదే చేశాను. ఫీల్డ్ పేరు చెప్పి వాల్యూ అడిగే గెట్‌పారామీటర్ నల్ (అంటే ఏమీ లేదని) ఇస్తోందని తెలుస్తుంది, అంతే. వాల్యూ అసలు బ్రౌజర్ నుంచి బయల్దేరలేదా, బయల్దేరాక పోయిందా అన్నది అక్కడ తేలదు. నెట్‌వర్క్ ట్యాబ్‌లో ఫామ్‌ని సర్వర్‌కి తీసుకెళ్లిన ఆ పోస్ట్ రిక్వెస్ట్ మీద నొక్కి పేలోడ్ (దానితో వెళ్లిన డేటా) తెరిస్తే ఫామ్ డేటా మొత్తం వరసగా కనిపిస్తుంది. మనకు కావలసిన పేరు, వాల్యూ అక్కడ సరిగ్గా ఉంటే సర్వర్ వైపు వెతకాలి, లేకపోతే పేజీ వైపు. సగం టెన్షన్ అక్కడే తీరిపోతుంది.

'వాల్యూ రాలేదు' అనే మాట కింద మూడు వేర్వేరు సంగతులుంటాయని కూడా ఈ పేలోడ్ చూసి చూసే నేర్చుకున్నాను. పేరే లేకపోతే గెట్‌పారామీటర్ నల్ ఇస్తుంది. పేరుండి పక్కన ఖాళీగా ఉంటే ఖాళీ స్ట్రింగ్ వస్తుంది. మూడోది చాలా ప్రమాదం: పేరు పక్కన నల్ అనే మాటే ఇంగ్లిషు అక్షరాల్లో రాసి ఉంటుంది. పాత జేఎస్పీల్లో స్క్రిప్ట్‌లెట్‌తో (పేజీలోనే రాసే జావా కోడ్‌తో) వాల్యూ రాసినప్పుడు, వేరియబుల్ నల్ అయితే పేజీలో ఆ నాలుగు అక్షరాలూ ప్రింట్ అయిపోతాయి. అదే ఈఎల్‌తో (జేఎస్పీలోని ఎక్స్‌ప్రెషన్ లాంగ్వేజ్‌తో) రాస్తే ఖాళీ వస్తుంది. సర్వర్‌లో 'నల్ కాకపోతే సేవ్ చెయ్' అని ఒక ఇఫ్ ఉంటుంది కదా, ఈ నాలుగక్షరాల స్ట్రింగ్ దాన్ని సులువుగా దాటి డేటాబేస్‌లోకి వెళ్లి కూర్చుంటుంది. లాగ్‌లో చూస్తే అసలు నల్, ఈ నల్ రెండూ ఒకేలా కనిపిస్తాయి. పేలోడ్‌లో మాత్రం ఒకటి ఉంటుంది, ఇంకొకటి ఉండదు.

నాలుగేళ్ల కిందట ఒక శుక్రవారం సాయంత్రం జరిగింది ఇప్పటికీ కళ్లముందే ఉంది. లోన్ దరఖాస్తు స్క్రీన్. అందులో బ్రాంచ్ కోడ్ హిడెన్ ఫీల్డ్‌గా వెళ్లాలి. సేవ్ అయిన ప్రతి దరఖాస్తుకూ బ్రాంచ్ ఖాళీగా ఉందని క్లయింట్ నుంచి ఫోన్ మీద ఫోన్. టీమ్‌లో కొత్తగా చేరిన అబ్బాయి మధ్యాహ్నం నుంచి డేటాబేస్‌తో మాట్లాడే డీఏఓ, మ్యాపింగ్ ఫైళ్లు తిరగేస్తున్నాడు. "అన్నా, పేజీ సోర్స్‌లో వాల్యూ ఉంది, చూడు, 0417. మరి సర్వర్‌కి ఎందుకు రావట్లేదు?" అన్నాడు. అతను చెప్పింది నిజమే, సోర్స్‌లో ఉంది. ఇద్దరం కలిసి పేలోడ్ తెరిచాం. బ్రాంచ్ కోడ్ రెండుసార్లు ఉంది. పైన ఖాళీది, కొంచెం కింద 0417.

ఒకే పేరుతో రెండు ఫీల్డులు వెళ్తే గెట్‌పారామీటర్ మొదటిదాన్నే ఇస్తుంది. గెట్‌పారామీటర్‌వాల్యూస్ అని అడిగితేనే రెండూ వస్తాయి. వారం ముందు ఫామ్ లోపల ఇన్‌క్లూడ్ అయ్యే కస్టమర్ వివరాల జేఎస్పీలో, వేరే స్క్రీన్ అవసరం కోసం అదే పేరుతో ఇంకో హిడెన్ ఫీల్డ్ చేరింది. ఒక లైను తీసేస్తే సరిపోయింది. మధ్యాహ్నమంతా పట్టిన వెతుకులాట పేలోడ్ తెరిచాక పది నిమిషాల్లో అయిపోయింది. ఫామ్ ఎక్కడికి వెళ్లాలో చెప్పే యాక్షన్ యూఆర్ఎల్‌లో ప్రశ్నార్థకం తర్వాత అదే పేరు ఖాళీగా ఉన్నా ఇలాగే జరుగుతుంది, ఎందుకంటే సర్వ్‌లెట్ స్పెసిఫికేషన్ ప్రకారం క్వెరీ స్ట్రింగ్‌లోది (ఆ ప్రశ్నార్థకం తర్వాతి భాగంలోది) ముందు, పోస్ట్ బాడీలోది తర్వాత.

పేజీ వైపు మిగతా కారణాలు చాలావరకు తెలిసినవే. ఐడీ ఇచ్చి నేమ్ ఇవ్వకపోవడం, ఫీల్డ్ డిసేబుల్ అయి ఉండడం, ఫామ్ లోపల ఇంకో ఫామ్ పెట్టడం. ఫామ్‌లో ఫామ్ పెడితే లోపలి ముగింపు ట్యాగ్ దగ్గరే బయటి ఫామ్ ముగిసిపోతుంది, ఆ తర్వాతి ఫీల్డులు దేనికీ చెందకుండా మిగిలిపోతాయి. కానీ నన్ను ఎక్కువసార్లు ఇబ్బంది పెట్టింది ఆన్‌సబ్మిట్, అంటే ఫామ్ వెళ్లే ముందు నడిచే కోడ్. హిడెన్ వాల్యూ నింపే ఫంక్షన్‌ని ఆన్‌సబ్మిట్‌లో రాస్తాం. ఇంకెవరో జావాస్క్రిప్ట్ నుంచి నేరుగా ఫామ్ సబ్మిట్ మెథడ్ పిలుస్తారు. అలా పిలిస్తే ఆన్‌సబ్మిట్ అసలు నడవదు. బటన్ నొక్కితే వాల్యూ వెళ్తుంది, డ్రాప్‌డౌన్ మార్చితే వెళ్లదు, 'ఒక్కోసారి వస్తోంది, ఒక్కోసారి రావట్లేదు' అని టెస్టింగ్ వాళ్లు రాస్తారు. కొత్త బ్రౌజర్లలో రిక్వెస్ట్‌సబ్మిట్ వాడితే ఆన్‌సబ్మిట్ కూడా నడుస్తుంది.

పక్కనే ఉండే, పేజీ హెచ్‌టీఎంఎల్ చూపించే ఎలిమెంట్స్ ట్యాబ్ ఈ పనిలో మంచి తోడు. టెక్స్ట్ బాక్స్‌లో టైపు చేస్తే అక్కడి వాల్యూ మారదు గానీ, హిడెన్ ఫీల్డ్‌కి స్క్రిప్ట్ వాల్యూ పెడితే ఆట్రిబ్యూట్ కూడా మారుతుంది, కళ్లకు కనిపిస్తుంది. రీసెట్ బటన్ హిడెన్ ఫీల్డుల్ని ముట్టుకోకపోవడానికీ కారణం అదే, ఆట్రిబ్యూటే మారిపోయాక వెనక్కి తిప్పడానికి పాత వాల్యూ మిగలదు. అక్కడే వాల్యూ మార్చి సబ్మిట్ చేసి చూడొచ్చు కూడా. మనం మార్చగలిగితే యూజర్ కూడా మార్చగలడు, కాబట్టి ధర, రోల్ లాంటివి హిడెన్ ఫీల్డ్‌లో పెట్టి సర్వర్‌లో మళ్లీ సరిచూడకుండా వదిలెయ్యొద్దని మా వాళ్లకు పదేపదే చెబుతాను.

ఇక ఆ అర మార్కు సంగతి. ప్రిజర్వ్ లాగ్ టిక్ పెట్టకపోతే పేజీ మారగానే మన పోస్ట్ రిక్వెస్ట్ జాబితాలోంచి పోతుంది. జేఎస్పీ అప్లికేషన్లలో సబ్మిట్ అంటే దాదాపు ప్రతిసారీ పేజీ మారడమే, కొత్తగా వాడేవాళ్లు ఇక్కడే ఆగిపోతారు. ఫామ్ కొత్త విండోలో తెరుచుకుంటే ఆ రిక్వెస్ట్ పాత విండోలో కనిపించదు, సెట్టింగ్స్‌లో పాపప్‌లకు కూడా డెవ్‌టూల్స్ తెరవమని పెట్టుకోవాలి. రిక్వెస్ట్‌ని కొద్దిగా మార్చి మళ్లీ పంపే సౌకర్యం ఫైర్‌ఫాక్స్‌లో హాయిగా ఉంటుంది. క్రోమ్‌లో దాన్ని కర్ల్ కమాండ్‌గా కాపీ చేసుకుని టెర్మినల్‌లో మార్చుకోవాలి.

సర్వర్ లోపల ఏం జరిగిందో చెప్పడం నెట్‌వర్క్ ట్యాబ్ వల్ల ఎలాగూ కాదు. ఒకసారి కస్టమర్ సంతకం బొమ్మని బేస్64గా, అంటే అక్షరాల రూపంలోకి మార్చి, హిడెన్ ఫీల్డ్‌లో పంపించాం. పేలోడ్‌లో అన్నీ ఉన్నాయి, సర్వర్‌లో అన్నీ నల్. మా సర్వర్ టామ్‌క్యాట్ 9లో, పోస్ట్ డేటాకి హద్దు పెట్టే మ్యాక్స్‌పోస్ట్‌సైజ్ డీఫాల్ట్ 2 ఎంబీ, అది దాటింది. ఫైళ్లు పంపే మల్టీపార్ట్ ఫామ్‌కి సర్వ్‌లెట్ మీద మల్టీపార్ట్‌కాన్ఫిగ్ సెట్టింగ్ లేకపోయినా, సర్వ్‌లెట్ కంటే ముందు నడిచే ఫిల్టర్ ఏదైనా ఇన్‌పుట్ స్ట్రీమ్ (వచ్చిన డేటా) చదివేసినా, సెండ్‌రీడైరెక్ట్‌తో బ్రౌజర్‌ని వేరే పేజీకి పంపాక పాత పారామీటర్లు అడిగినా ఇదే తంతు. అందుకే టెస్ట్ సర్వర్‌లో పారామీటర్ మ్యాప్ (సర్వర్‌కి అందిన పేర్లు, వాల్యూలు) మొత్తం ప్రింట్ చేసే చిన్న ఫిల్టర్ ఒకటి ఉంచుతాను. పేలోడ్ ఒక పక్క, ఆ లాగ్ ఒక పక్క పెట్టి పోల్చుకుంటాను. ప్రొడక్షన్‌లో మాత్రం దాన్ని పెట్టను, పాస్‌వర్డులు కూడా లాగ్‌లోకి వచ్చేస్తాయి.