ఐదుగురి కుటుంబానికి చిన్న మోటార్‌హోమ్: పక్కలు పరిచాక తేలే ప్లాను

మోటార్‌హోమ్ (పడక, వంట గట్టు, బాత్‌రూమ్ లోపలే ఉండే బండి) కొనాలన్నా, అద్దెకు తీసుకోవాలన్నా అందరూ ముందుగా అడిగేది "ఎంతమంది పడుకోవచ్చు?" అనే. బెంగళూరు శివార్లలో ఇటువంటి బండ్లను అద్దెకిచ్చే ఒక సంస్థ దగ్గర మేము తీసుకున్న రెండు వ్యాన్లకూ ఆ ప్రశ్నకు వచ్చే జవాబు ఒక్కటే: ఐదుగురు. రెండూ ఫోర్స్ కంపెనీ ట్రావెలర్ వ్యాను మీద కట్టినవే. అయినా ఒకదానిలో ఐదుగురం దాదాపుగా ఒకరినొకరు లేపకుండా నిద్రపోయాం, మరొకదానిలో రాత్రంతా ఒకరినొకరు లేపుకుంటూనే ఉన్నాం. తేడా అంతా లోపలి అమరికలో, అంటే ఫ్లోర్ ప్లాన్‌లో ఉంది. ఈ సమీక్ష ప్రధానంగా దాని గురించే. మా ఇంట్లో నేను, నా భార్య, పదేళ్లలోపు పిల్లలు ఇద్దరు, డెబ్బై దాటిన మా అమ్మ. మేము తిరిగినవి లేపాక్షి, హార్స్‌లీ హిల్స్, గండికోట దారులు. బెంగళూరులో ఉండే తెలుగు కుటుంబాలు రెండు రోజుల సెలవు దొరికితే పట్టే దారులే ఇవి.

మొదటి వ్యాను 3350 మిల్లీమీటర్ల వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) ఉన్నది, రెండోది 3700ది. పొడవులో ఉన్న ఆ కొద్దిపాటి తేడాయే మా రాత్రులను మార్చిందని ఎవరైనా అనుకోవచ్చు. నేను అలా అనుకోవడం లేదు. మొదటి వ్యానులోని అమరికనే ఇంకొక అడుగు సాగదీసినా దాని ఇబ్బందులు దానితోనే ఉంటాయి.

ఆ మొదటి వ్యానులో వెనక భాగమంతా అడ్డంగా వేసిన పెద్ద పక్క ఉంటుంది. దాని కింద సామాన్ల గూడు, ముందు ఒక వైపు బాత్‌రూమ్, ఎదురుగా వంట గట్టు, డ్రైవర్ సీటు వెనక ఎల్ ఆకారపు సోఫా, దాని ముందు మడిచే బల్ల. పగటిపూట తలుపు తీసి చూసినవారికి ఇది చాలా విశాలంగా కనిపిస్తుంది. వెనక పక్క ఎప్పుడూ పరిచే ఉంటుంది కాబట్టి పిల్లలు దారిలోనే దాని మీదికి ఎక్కాలని చూస్తారు, పెద్దలు సోఫాలో కాళ్లు చాపుకోవచ్చు. చూడగానే ఇదే బాగుందని నా భార్య అన్నది, నాకూ అదే నచ్చింది.

రాత్రి పదింటికి ఆ విశాలమంతా పోతుంది. బల్లను కిందికి దించి, సోఫా వీపు దిండ్లను దాని మీద సర్దితే ఇద్దరు పడుకునే పక్క తయారవుతుంది. కానీ అది సరిగ్గా బండి తలుపుకూ వంట గట్టుకూ మధ్యనున్న నడవను మూసేస్తుంది. ఇక ఆ పక్క మీద పడుకున్నవారిని లేపకుండా ఎవరూ బయటికి వెళ్లలేరు, మంచినీళ్ల కుళాయి దగ్గరికి చేరలేరు, ఫ్రిజ్ తలుపు తీయలేరు. దిండ్ల మధ్య అతుకులు నడుము కిందికి వస్తాయి. వెనకనున్న పెద్ద పక్క మీద ముగ్గురు అడ్డంగా పడుకోవాలి. గోడలకు వేసిన ఇన్సులేషన్, పైన పలక పోగా మిగిలిన వెడల్పులో అయిదడుగుల పదకొండంగుళాల మనిషి కాళ్లు చాపడం సాధ్యం కాదు. అద్దానికి ఆనుకుని పడుకున్న వ్యక్తి లేవాలంటే పక్కవారిద్దరినీ దాటుకుంటూ రావాలి. మా అమ్మ నాలుగున్నరకే లేస్తుంది. హార్స్‌లీ హిల్స్ మీద ఆ వేళ ఆమె చీకట్లో కూర్చుని, పిల్లలను తొక్కుతానేమోనని, అందరూ లేచేదాకా కదలకుండా అలాగే ఉండిపోయింది. కాఫీ కాచుకోవడం సంగతి అటుంచి, బాత్‌రూమ్‌కు వెళ్లడానికి కూడా ఆమె నోరు తెరిచి అడగలేదు. ఆ అమరికకు నేనిచ్చే మార్కులు అక్కడే పడిపోయాయి.

రెండో వ్యానును ఆలోచించి గీసినవారెవరో గానీ, కుటుంబం రాత్రిపూట ఎలా మసలుతుందో ఎరిగినవారు. వెనక భాగంలో మధ్యన సన్నని నడవ. దానికి ఎడమవైపు పిల్లలకు ఒకదానిపై ఒకటిగా రెండు బంకులు, కుడివైపు ఒక మనిషికి సరిపడే పొడవాటి పక్క. మూడూ బండి పొడవు వెంబడి ఉంటాయి కాబట్టి కుడివైపు పక్క మీద పొడగరులకూ కాళ్లు చాపడానికి చోటుంటుంది. మధ్యలో కుడివైపు బాత్‌రూమ్, ఎడమవైపు వంట గట్టు. ముందు, డ్రైవర్ వెనక, ఎదురెదురుగా రెండు బెంచీలు, మధ్యన బల్ల. బల్ల దించితే అది మా ఇద్దరి పక్క అవుతుంది. కానీ బండికి కుడి గోడవైపే ఉండిపోతుంది, తలుపు దగ్గరికి వెళ్లే దారి ఎడమవైపు ఖాళీగానే ఉంటుంది. అమ్మ లేచి రెండడుగులు వేస్తే బాత్‌రూమ్, ఇంకొక అడుగు వేస్తే స్టవ్. గండికోటలో పెన్న లోయకు కొంత దూరంగా, పర్యాటక శాఖ హోటల్ పక్కన బండి నిలిపిన మర్నాడు మేము లేచేసరికి అమ్మ స్నానం చేసి, కాఫీ తాగి, బయట కుర్చీలో కూర్చుని ఉంది. "మీరెవరూ కదల్లేదురా, దీపం కూడా వేసుకున్నాను" అన్నది. ఒక ఫ్లోర్ ప్లాన్ గురించి ఇంతకు మించిన మెచ్చుకోలు నాకు తెలియదు.

అందుకే షోరూమ్‌కు గానీ అద్దె సంస్థకు గానీ వెళ్లేవారికి నేను చెప్పేది ఇదే. పక్కలన్నీ వేయించండి, బల్ల దింపించండి, తలుపు మూయించండి, లైట్లు ఆర్పించండి. ఆ తర్వాత ఒక్కొక్క పక్క మీద పడుకుని, అక్కడి నుంచి బాత్‌రూమ్ దాకా, తలుపు దాకా నడిచి చూడండి. పది నిమిషాల పని ఇది. ఇంట్లో అందరికంటే పెద్దవారిని, అందరికంటే పొడుగ్గా ఉన్నవారిని వెంట తీసుకెళ్లండి.

వంట గట్టు ఎక్కడుందన్నది మనవాళ్లు ప్రత్యేకంగా చూసుకోవాలి. ఇంటర్నెట్‌లో దొరికే ప్లాన్లలో చాలామటుకు బ్రెడ్డు కాల్చుకుని, సూప్ వేడి చేసుకునే ఇళ్లను దృష్టిలో పెట్టుకుని గీసినవి. మన వంటలో ఆవాలు చిటపటలాడాలి, ఎండుమిర్చి ఘాటు లేవాలి. స్టవ్ పరుపుకు ఆనుకుని ఉంటే ఆ తాలింపు వాసన దుప్పట్లలో, దిండు గలీబులలో చేరి రెండు రోజులైనా పోదు. మొదటి వ్యానులో జరిగింది అదే, ఎందుకంటే స్టవ్‌కూ వెనక పక్కకూ మధ్య ఒక సన్నని చెక్క పలక తప్ప ఏమీ లేదు. రెండో వ్యానులో స్టవ్ తలుపు పక్కనే ఉంది. తలుపు జరిపి, పైనున్న ఫ్యాను వేసి పోపు పెడితే ఘాటు బయటికే పోతుంది. గ్యాసు గాలికంటే బరువైనది, లీకైతే కిందనే పేరుకుంటుంది. కాబట్టి సిలిండర్ గూటికి నేల మట్టంలో బయటికి తెరుచుకునే రంధ్రాలు ఉన్నాయా లేదా అని మోకాళ్ల మీద కూర్చుని మరీ చూడండి. ఇండక్షన్ స్టవ్ ఉంటే గ్యాసెందుకు అన్నారు అద్దె సంస్థవారు. 1800 వాట్ల ఇండక్షన్ 20 నిమిషాలు వాడితే 600 వాట్-అవర్లు ఖర్చవుతుంది. వ్యానులో ఉన్న 200 ఆంపియర్-అవర్ల (సుమారు 2,500 వాట్-అవర్ల) లిథియం బ్యాటరీలో అది దాదాపు పావు వంతు. పప్పు, అన్నం, కూర వండేసరికి రాత్రి ఫ్యాన్లకు ఏం మిగులుతుందో లెక్క వేసుకోవాలి.

ఏసీ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. అదే బ్యాటరీ మీద వెయ్యి వాట్లు తీసుకునే ఏసీ రెండున్నర గంటలు నడవడమే గొప్ప. బయటి నుంచి కరెంటు తీసుకునే చోటు లేనప్పుడు నిద్రను కాపాడేది ఎదురెదురు కిటికీలూ పైకప్పు ఫ్యానూ మాత్రమే. బెంగళూరులో రాత్రులు చల్లగా ఉంటాయి కాబట్టి ట్రయల్ చూసే రోజున ఈ సంగతి తెలియదు, కడప వైపు వేసవిలో వెళ్లినప్పుడే తెలుస్తుంది. ప్రతి పక్కకూ ఒక తెరిచే కిటికీ, దోమతెర, ఒక చిన్న ఫ్యాను ఉండాలన్నది నా అభిప్రాయం. రెండో వ్యానులో కింది బంకుకు కిటికీ లేదు. ఈ ప్లానులో నాకు కనిపించిన పెద్ద లోపం ఇదే. మా చిన్నవాడు గండికోటలో చెమటతో తడిసి లేచాడు, మర్నాటి రాత్రి వాడికి మా పక్క మీద చోటు ఇచ్చి నేను బంకులో ముడుచుకుని పడుకున్నాను.

బాత్‌రూమ్ రెండింటిలోనూ ఒకే రకం. నిలబడి చెంబుతో పోసుకునేంత జాగా, అందులోనే కమోడ్, దాని కింద క్యాసెట్ అనే మలమూత్రాల డబ్బా. ఆ డబ్బాలో సుమారు 20 లీటర్లు పడతాయి. కాగితం వాడేవారికి అది రెండు రోజులు రావచ్చు గానీ, నీళ్లు వాడే మన ఇళ్లలో ఐదుగురికి ఒక్క రోజుకే నిండుతుంది. మేము దాన్ని రాత్రి అవసరానికే, అదీ అమ్మకూ పిల్లలకూ మాత్రమే అని పెట్టుకున్నాం, పగలు పెట్రోలు బంకుల్లోనూ టోల్ ప్లాజాల దగ్గరా ఆగాం. అందువల్ల బాత్‌రూమ్ ఎంత పెద్దదన్నది అసలు ప్రశ్న కాదు. క్యాసెట్‌ను బయటి నుంచి తీయవచ్చా, లోపల నడవ గుండా మోసుకురావాలా అన్నదే చూడాలి. రెండో వ్యానులో దానికి బయట చిన్న తలుపు ఉంది.

కూర్చునే చోటు దగ్గరికి వస్తే రాజీ పడకూడని విషయం ఒకటుంది. బండి నడుస్తున్నప్పుడు ప్రతి మనిషికీ ముందుకు చూసే సీటూ, సీటు బెల్టూ ఉండాలి. మొదటి వ్యానులోని ఎల్ సోఫాలో సగం పక్కకు తిరిగి ఉంటుంది. బెల్టు ఉన్నా, బ్రేకు పడినప్పుడు పక్కకు తిరిగి కూర్చున్న పిల్లవాడి నడుము, మెడ ఎటు తిరుగుతాయో ఊహించుకుంటే చాలు. రెండోదానిలో డ్రైవర్ పక్క సీటు కాక, వెనక ముందుకు చూసే బెంచీ మీద రెండు, తలుపు వెనక విడిగా ఒకటి, మొత్తం మూడు బెల్టు సీట్లు ఉన్నాయి. పిల్లలు పక్కల మీద పడుకుని ప్రయాణించడం మాత్రం ఏ బండిలోనూ ఒప్పుకోకూడదు. మన దేశంలో మోటార్‌హోమ్‌లకు ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. సొంత ట్రావెలర్‌ను ఊళ్లోని షెడ్డులో ఇష్టం వచ్చినట్టు మార్పించుకుంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డొస్తుంది. అద్దెకు తీసుకునేవారు ఆర్‌సీలో ఎన్ని సీట్లు రాసి ఉన్నాయో, పక్క రాష్ట్రంలోకి వెళ్లడానికి పర్మిట్ ఉందో లేదో చూసుకుంటే సరిపోతుంది.

విదేశీ ప్లాన్లు చూసి మనసు పడేవారికి ఇంకొక మాట. ఐరోపాలోని చాలా దేశాల్లోనూ అమెరికాలోనూ బండ్లు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి, కాబట్టి వాటి తలుపు కుడివైపు ఉంటుంది. ఆ బొమ్మను ఉన్నదున్నట్టు ఇక్కడ కట్టిస్తే పిల్లలు లారీలు పోయే వైపు దిగాల్సి వస్తుంది. ప్లాను మొత్తాన్ని అద్దంలో చూసినట్టు తిప్పాలి. అలా తిప్పినప్పుడు బాత్‌రూమ్, నీళ్ల ట్యాంకు, బ్యాటరీ అన్నీ ఒకే వైపు చేరి బండి ఒరగకుండా చూసుకోవాలి. 100 లీటర్ల నీళ్లంటే 100 కిలోలు. ఆ బరువు ఇరుసుల మధ్యన ఉండాలి గానీ వెనక ఇరుసు దాటి ఉండకూడదు. మొదటి వ్యానులో పెద్ద పక్క కిందనున్న గూటిలో మేము కుర్చీలు, బియ్యం, నీళ్ల క్యాన్లు అన్నీ నింపాం. ఘాట్ రోడ్డు మలుపుల్లో వెనక భాగం లాగుతున్నట్టు నడిపే చేతికి స్పష్టంగా తెలిసింది.

తలుపు మెట్టు గురించి అమ్మ మాటే రాస్తాను: "మెట్టు ఎత్తు పరవాలేదురా, పట్టుకోవడానికి ఏదీ?" రెండు వ్యాన్లకూ పిడి ఒకవైపే ఉంది, ఎక్కేటప్పుడు అందుతుంది గానీ దిగేటప్పుడు అందదు. చెప్పులు విడిచే చోటు కూడా ఎవరూ ఆలోచించినట్టు లేదు. ఐదు జతల చెప్పులు మెట్టు మీదే పోగుపడతాయి, చీకట్లో దిగేవారి కాలికి అవే అడ్డం వస్తాయి.

దంపతులిద్దరూ, ఒక చిన్న బిడ్డ ఉన్న కుటుంబానికి మొదటి వ్యాను నిస్సందేహంగా బాగుంటుంది, ఎందుకంటే సోఫాను పడకగా మార్చే అవసరమే రాదు, వెనక పక్క ఒక్కటే చాలు. ఆరడుగుల మనిషి ఉంటే మాత్రం ఐమూలగా పడుకోవాలి. పెద్దవారు వెంట వచ్చే ఐదుగురి కుటుంబానికి నేను రెండోదాన్నే సిఫారసు చేస్తాను, కింది బంకుకు ఒక ఫ్యాను బిగించి ఇమ్మని ముందే అడగమంటాను. పై బంకుకు అడ్డు కడ్డీ ఉందో లేదో బండి తీసుకునే ముందే చూసుకోండి, మేము గుర్తు చేస్తే గానీ అద్దె సంస్థవారు అది బిగించలేదు. బంకుల పొడవు 170 సెంటీమీటర్లే, కాబట్టి మా పెద్దది ఇంకొక నాలుగైదేళ్లు పెరిగితే ఈ ప్లాను మాకు చాలదు, అప్పుడు 4020 వీల్‌బేస్ బండ్లలో ఇదే అమరికను వెతకాలి.