థైరాయిడ్ విటమిన్ డబ్బాలు కొనేవారికి జాగ్రత్త: మా పిన్ని రక్తపరీక్షనే తారుమారు చేశాయి

పాలకొల్లు, నరసాపురం, రాజోలు చుట్టుపక్కల ఉన్నవాళ్లకు ఈ సంగతి తప్పక తెలియాలి. ఊరి కమ్యూనిటీ హాలులో ఉచిత థైరాయిడ్ అవగాహన సదస్సు అని పిలిచి, చివర్లో విటమిన్ క్యాప్సూల్స్ డబ్బాలు అంటగడుతున్నారు. డబ్బా 2,400 రూపాయలు, రెండు కొంటే మూడోది ఉచితం. మా పిన్ని మూడూ తెచ్చుకుంది.

పిన్నికి ఏళ్లుగా హైపోథైరాయిడ్ ఉంది, అంటే థైరాయిడ్ గ్రంథి హార్మోను తక్కువగా తయారుచేస్తుంది. ఆ లోటు తీర్చడానికి రోజూ పరగడుపున 75 మైక్రోగ్రాముల లెవోథైరాక్సిన్ మాత్ర వేసుకుంటుంది. ‘ఈ క్యాప్సూల్ కూడా దాంతోపాటే వేసుకోండమ్మా, కొన్నాళ్లకు ఆ మాత్రతో పనే ఉండదు’ అన్నాడు అమ్మినతను. తర్వాత పిన్ని పరీక్ష చేయించుకుంటే టీఎస్‌హెచ్ (గ్రంథి మందగిస్తే పెరిగేది) బాగా తక్కువగా, టీ4 (థైరాయిడ్ హార్మోను) ఎక్కువగా వచ్చాయి. ఆ రిపోర్టు ఫోటో చూసి ‘చూశారా, మీ గ్రంథి మళ్లీ పనిచేస్తోంది, మాత్ర సగం చేయండి’ అన్నాడు. పిన్ని సగం చేసింది.

ఇక అక్కడి నుంచి మనిషి నీరసించిపోయింది. ముఖం ఉబ్బింది, ఎండాకాలంలో కూడా చలి అంటూ దుప్పటి కప్పుకునేది. కాగితం మీద హార్మోను ఎక్కువ, ఒంట్లో చూస్తే తక్కువ. భీమవరంలో డాక్టరు గారికి చూపిస్తే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, ‘ఇంకేమైనా వాడుతున్నారా?’ డబ్బా తిప్పి చూస్తే అసలు విషయం అక్కడే ఉంది: బయోటిన్ అనే బి విటమిన్ 10,000 మైక్రోగ్రాములు. పెద్దవాళ్లకు రోజుకు సరిపోయేది 30 మైక్రోగ్రాములు.

థైరాయిడ్ పరీక్షల్లో చాలావాటిలో బయోటిన్‌నే ఒక పనిముట్టుగా వాడతారు. రక్తంలో అది మోతాదు మించి ఉంటే లెక్క తప్పుతుంది. టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా, టీ4 ఎక్కువగా కనిపిస్తాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లోనే దీనిమీద హెచ్చరిక ఇచ్చింది. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు బయోటిన్ ఆపాలని అక్కడి థైరాయిడ్ వైద్యుల సంఘం చెబుతోంది. పిన్ని క్యాప్సూల్స్ ఆపి మళ్లీ పరీక్ష చేయించుకుంటే టీఎస్‌హెచ్ హద్దు దాటి ఎంతో పైన ఉంది. క్యాప్సూల్ పనిచేస్తోందనడానికి అతను చూపించిన సాక్ష్యం, ఆ క్యాప్సూలే పుట్టించిన అబద్ధం! జుట్టు రాలకుండా అని అమ్మే క్యాప్సూల్స్‌లోనూ ఈ బయోటిన్ ఉంటుంది కాబట్టి అవి వాడే ఆడపిల్లలు కూడా ల్యాబులో ఆ మాట ముందే చెప్పండి.

అదే డబ్బాలో ఐరన్, కాల్షియం కూడా ఉన్నాయి. ఈ రెండూ లెవోథైరాక్సిన్‌ను ఒంటికి సరిగా పట్టనివ్వవు. మాత్రకూ వాటికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. అతనేమో కలిపి వేసుకోమన్నాడు.

సదస్సులో అందరినీ భయపెట్టింది అయోడిన్ మాటతో. మనం తినేవి చెరువు చేపలు, వాటిలో అయోడిన్ ఉండదు, అందుకే ఇంటింటా థైరాయిడ్ అన్నాడు. సముద్రపు చేపల్లో కంటే చెరువు చేపల్లో తక్కువే, నిజం. కానీ అయోడైజ్డ్ ఉప్పు ఉన్నది అందుకే కదా! ఇంటికి చేరేసరికి గ్రాము ఉప్పులో కనీసం 15 మైక్రోగ్రాముల అయోడిన్ ఉండాలన్నది మన ప్రమాణం. పెద్దవాళ్లకు రోజుకు కావలసింది 150 మైక్రోగ్రాములు. కూరలో ఉప్పు, పాలు, గుడ్లు కలిస్తే చాలామందికి అది అందుతుంది. ఇంట్లో అంతా కల్లుప్పే వాడుతుంటే మాత్రం ప్యాకెట్ మీద అయోడైజ్డ్ అని ఉందో లేదో చూసుకోండి. అయోడిన్ చాలినంత అందేచోట హైపోథైరాయిడ్‌కు ముఖ్య కారణం హషిమోటో వ్యాధి, అంటే మన రోగనిరోధక శక్తే గ్రంథిని దెబ్బతీయడం. అలాంటివాళ్లకు సముద్రపు నాచు పొడి రూపంలో అయోడిన్ గుమ్మరిస్తే పరిస్థితి ఇంకా చెడవచ్చు. ఈ డబ్బాలో నాచు ఉందని రాశారు కానీ అందులో అయోడిన్ ఎంతో రాయలేదు.

సెలీనియం అనే ఖనిజం కూడా గ్రంథికి అవసరమే. అయితే అది మితిమీరితే జుట్టు రాలుతుంది, గోళ్లు పెళుసెక్కుతాయి.

డబ్బా వెనుక చిన్న అక్షరాల్లో ఇంగ్లీషులో ‘ఔషధంగా వాడరాదు’ అన్న అర్థం వచ్చే మాట ఉంది. ఆహార భద్రతా నిబంధనల ప్రకారం ఇలాంటి సప్లిమెంట్ల మీద అది ఉండాలి. పైకి చట్టం ప్రకారం అంతా సరిగ్గానే ఉంది, నోటితో చెప్పింది మాత్రం మాత్ర మానేయమని.

ఇప్పటికే కొన్నవాళ్లు డాక్టరును అడగకుండా మీ మాత్ర తగ్గించకండి. గర్భిణులైతే డాక్టరుకు చూపించడంలో అసలు ఆలస్యం చేయవద్దు, కడుపులో బిడ్డ మెదడు ఎదుగుదలకు ఆ హార్మోనే ఆధారం. డబ్బాకు రెండువైపులా ఫోటో తీసుకోండి, బిల్లు అడిగి తీసుకోండి. పిన్నికి బిల్లు ఇవ్వలేదు, డబ్బూ తిరిగి ఇవ్వలేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాం. ఇప్పుడు అమలాపురం వైపు సదస్సులు పెడుతున్నారని విన్నాను. మీ ఊరు వస్తే, మాత్ర మానేయవచ్చన్న మాట కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి. మేము అడిగితే ఫోను పెట్టేశాడు.